పడుగు దాటిన పందెం

ఈ జనవరిలో జెండా పండుగనాడు మా ఊళ్లో పరుగు పందెం మళ్లీ పెట్టారు. యువజన సంఘం వాళ్లు కరీంనగర్ నుంచి మైకు సెట్టు కిరాయికి తెచ్చారు. నన్ను పాత విజేత అని పిలిచి, దండ వేసి, ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఈలకు ముందు మైకు పట్టుకున్న కుర్రాడు జనాన్ని నవ్వించడానికి పాత కథ ఎత్తుకున్నాడు. అతను ఆ పందెం జరిగేనాటికి పుట్టి కూడా ఉండడు.

"తమ్ముండ్లారా, జర తొవ్వ సూసుకొని ఉరకుండ్రి. గల్లీలల్ల దూరకుండ్రి. ఎనుకట ఒక సాలాయన గల్లీల దూరి ఫస్టొచ్చిండు. ఎనుకొచ్చెటోళ్లకు వాళ్ళవ్వ దారం అడ్డం కట్టింది!"

మైదానం మొత్తం నవ్వింది. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. నా పక్క కుర్చీలోని పెద్దమనిషి నా తొడ మీద చరిచి, "అయినా ఏం దుంకినవే ఆనాడు!" అన్నాడు. నేను దండ సర్దుకున్నాను. ఆ క్షణంలో నేను చేసిన పని అదొక్కటే.

ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. ఇంతకాలం తర్వాత కూడా ఒక అబద్ధాన్ని కిరాయి మైకులో చెప్పుకొని నవ్వే ఈ ఊరిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ అబద్ధంతో దండ వేయించుకున్న నన్ను చూసుకుంటే ఇంకా మండుతుంది. అందుకే రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను, ఊరి పేరూ రాయను. సుల్తానాబాద్ చుట్టుపక్కల వాళ్లకు రెండు పేరాలు చదవగానే తెలిసిపోతుంది. తెలియాలనే నా కోరిక.

నిజాం రాజ్యం పోయి, తాసిల్ కచేరీ మీద మూడు రంగుల జెండా కొత్తగా ఎగురుతున్న రోజులవి. జెండా పండుగ అంటే ఏం చెయ్యాలో మా ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎవరో పరుగు పందెం అన్నారు. పెద్దలు సరే అన్నారు. బడి దగ్గర బయలుదేరి, బజారు మీదుగా, నేతగాళ్లుండే సాలెవాడ చౌరస్తా దాటి, వడ్ల మిల్లు చుట్టి, పెద్ద సడక్ మీద నుంచి మళ్లీ బడికి రావాలి. తొవ్వ పొడుగునా సున్నంతో గీత గీశారు. గీత తప్పితే పందెం తప్పినట్టే. గెలిచినవాడికి ఇత్తడి చెంబు. గెలిచినవాణ్ణే కరీంనగర్‌లో జరిగే జిల్లా పందేలకు పంపుతామన్నారు.

నేను గల్లా ముందు కూర్చునే సావుకారి కొడుకును. మాది వడ్ల దుకాణం. పొద్దున్నే మానేరు ఇసుకలో ఉరికి వచ్చి పాలు తాగేవాణ్ణి. నాకు పోటీ అంటూ ఉంటే ఒక్కడే, సాలెవాడ వాడు. నా ఈడువాడే. అతను పరుగు నేర్చుకోలేదు. నేసిన బట్ట మూటగట్టి నెత్తిన పెట్టుకొని చొప్పదండి సంతకు కాలినడకన పోయి వచ్చేవాడు. ఆ మూట దించి ఉరికితే అతని కాళ్లు నేలకు ఆనేవే కావు. తండ్రి లేడు. తల్లి, అతను, ఒక మగ్గం. ఆ తల్లిని సాలెవాడలో అందరూ అవ్వా అనే పిలిచేవాళ్లు.

ఇక్కడ పడుగు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. బట్ట నేయడానికి ముందు నిలువు పోగులను వీధి పొడుగునా సాగదీసి, కత్తెరగా పాతిన కర్రల మీద నడుమెత్తున నిలబెట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. పొద్దు పొడవకముందే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆరబెట్టి ఎత్తుకుంటారు. గంజి తడి మీద ఉన్న పడుగును కదపలేరు. కదిపితే పోగులు ఒకదానికొకటి అంటుకొని పాడైపోతాయి. ఆ అవ్వ పడుగు వాళ్ల గల్లీ కంటే పొడుగు. అందుకని దాని చివర చౌరస్తాను అడ్డంగా దాటి, ఎదురు గల్లీలో పాతిన గుంజకు కట్టి ఉండేది. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. పొద్దున బండ్లవాళ్లు ఆ గుంజ దాకా పోయి, చుట్టు తిరిగి వచ్చేవాళ్లు. పెండ్లి బాజా వచ్చినా అట్లాగే చుట్టు తిరిగేది. పడుగును కాలితో దాటడం సాలెవాడలో ఎవరూ చెయ్యరు. చిన్నపిల్లలు కూడా దాటరు. అది వాళ్ల అన్నం. కంచం మీద నుంచి కాలు పెట్టి ఎవరు పోతారు?

పందెం జెండా అయిన తర్వాత అని డప్పుతో చాటించారు. అప్పటికి పడుగు ఎత్తేస్తారు, చౌరస్తా ఖాళీగా ఉంటుంది. కానీ ముందునాడు దీపాలు పెట్టే వేళకు తాసిల్దారు సాబ్ నుంచి కబురొచ్చింది. ఆయనకు పెద్దపల్లిలో కూడా జెండా ఉందట. పందెం పొద్దున్నే పెట్టాలి, అది చూసి, జెండా ఎగరేసి, ఆయన వెళ్లిపోతారు. ఆ మార్పు మా దుకాణంలోనే ఖాయమైంది. నేను వడ్ల బస్తా మీద కూర్చొని పిక్కలకు నూనె రాసుకుంటున్నాను.

మా గుమాస్తా ఒక్కడే అడిగాడు. "మరి సాలెవాడల ఎవలు చెప్తరు, సావుకారీ? పొద్దుగాల పడుగులుంటయి గద."

"పొద్దుగాల చెప్దాం తియ్యి. వాళ్లేడికి పోతరు," అన్నాడు మా బాపు.

ఎవరూ చెప్పలేదు. బజారులోని పిల్లలకు మాత్రం ఇంటింటికీ కబురు పోయింది.

తెల్లారి బడి దగ్గర మేము గీత మీద నిలబడుతుంటే అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎవరో పాలవాడు దారిన పోతూ చెప్పాడట. మోచేతుల దాకా గంజి.

డ్రిల్లు సార్ చూసి, "ఏందిరా, అంబలి తాగి చెయ్యి కడగలేదా?" అన్నాడు. అందరం నవ్వాం.

"పడుగు మీదున్న సార్. జెండా అయినంక అన్నరు గద?"

"ఇప్పుడే. ఉరికితె నిలబడు, లేకుంటె పో."

అతను నిలబడ్డాడు. నిలబడి, మళ్లీ అన్నాడు. "సార్, చౌరస్తల మా పడుగున్నది. గంజి తడి మీదున్నది. జరసేపాగితె ఎత్తుకుంటం సార్."

"తాసిల్దారు సాబ్ నీ పడుగు కోసం ఆగుతడారా? పక్కకు జరుగు."

ఈల ఊదాడు.

ఈ మాటలు నేనొక్కణ్ణే వినలేదు. గీత మీద ఉన్న వాళ్లందరం విన్నాం. వాళ్లలో సగం మంది ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు, పిల్లల తండ్రులయ్యారు, ఈ జనవరిలో మైదానంలో కూర్చొని నవ్వారు. ఉచ్చు పన్నేవాడు ముందే అందరికీ చెబుతాడా? 'అక్కడ అడ్డం ఉంది, ఆగండి' అని బతిమాలుకుంటాడా? ఈ ఊరికి ఆ మాత్రం ఆలోచన లేదా, లేక ఆలోచన ఉండి కూడా నవ్వుతున్నదా?

బజారు దాటేసరికి అతను ముందున్నాడు, వెనక నేను. మిగతావాళ్లు ఎక్కడో ఉన్నారు. చౌరస్తా వచ్చింది. రోడ్డుకు అడ్డంగా పడుగు, తెల్లగా, తడిగా. సున్నం గీత దాని కింద నుంచి నేరుగా పోతోంది. అతను ఆగలేదు, ఆలోచించలేదు. ఎదురు గల్లీలోకి తిరిగి గుంజ దాకా పోయి, చుట్టు తిరిగి, పక్క సందులోంచి చౌరస్తా అవతల మళ్లీ గీత మీదికి రావడానికి ఉరికాడు. ఆ సందులోంచి చౌరస్తా కనబడదు. ఆ చుట్టు తిరగడం వల్ల అతనికి దూరం పెరిగింది. తగ్గలేదు. దీన్ని అడ్డదారి అన్నవాళ్లు ఒక్కసారి ఆ గల్లీలో నడిచి చూస్తే సరిపోయేది.

అవ్వ పడుగు పక్కనే ఉంది, చేతిలో కుంచె. నన్ను చూసి చెయ్యి ఎత్తింది.

"ఆగు బిడ్డా, ఆగు! చుట్టు తిరిగి పో!"

నేను దూకాను. ఊరు ఇన్నేళ్లుగా మెచ్చుకుంటున్న దూకుడు అదే. కాలు పోగుల్లో చిక్కింది. పోగులు తెగిన చప్పుడు నాకు వినబడింది. కత్తెర కర్రలు ఒకదాని వెంట ఒకటి ఒరిగాయి. పడుగు దుమ్ములో పడింది. నేను కాలు విదిలించుకొని ఉరికాను. వెనక వచ్చినవాళ్లకు ఇక దూకే పని కూడా లేకపోయింది, తొక్కుకుంటూ వచ్చారు.

పెద్ద సడక్ మీద అతను నన్ను అందుకున్నాడు. అంత చుట్టు తిరిగి కూడా అందుకున్నాడు. నా పక్కకు వచ్చినప్పుడు, ఊపిరి ఎగబీలుస్తూ, అడిగాడు.

"పడుగు తొక్కినవా?"

"లే. దుంకిన," అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. నమ్మాడు. నన్ను దాటి పోయాడు. తొక్కానని చెప్పి ఉంటే అక్కడినుంచే వెనక్కి తిరిగేవాడని నాకు తెలుసు. పందెం నాకే వచ్చేది. అయినా నిజం చెప్పలేకపోయాను. ఎందుకు అని ఎన్నోసార్లు ఆలోచించాను. సిగ్గు తప్ప వేరే కారణం దొరకలేదు. ఆ సిగ్గు కూడా అబద్ధం చెప్పడానికే పనికొచ్చింది.

బడి దగ్గర అతనే ముందు చేరాడు. తాసిల్దారు సాబ్ చప్పట్లు కొట్టారు. అంతలో సాలెవాడ నుంచి ఒక ముసలాయన రొప్పుతూ వచ్చి, "నీ పడుగు మన్నుపాలైందిరా" అన్నాడు. అతను చెంబు కోసం ఆగలేదు. ఎట్లా వచ్చాడో అట్లాగే ఉరికిపోయాడు.

అతను లేనప్పుడే తీర్పు జరిగింది. చౌరస్తా దాటి కాపలా ఉన్న మనిషి వచ్చి, అతను గీత తప్పి గల్లీలోంచి వచ్చాడని చెప్పాడు. "అందుకే పారిపోయిండు" అన్నారు ఎవరో. డ్రిల్లు సార్ నన్ను పిలిచాడు.

"నువ్వెటొచ్చినవ్?"

"గీత మీదనే వచ్చిన సార్."

"పడుగు అడ్డమున్నదా?"

"ఉండె. దుంకిన."

"అంటె తొవ్వ ఉన్నట్టే గద," అన్నాడు తాసిల్దారు సాబ్ వైపు తిరిగి.

అంతే. చెంబు నా చేతిలో పెట్టారు. అతను ముందే చెప్పినా పందెం ఆపలేదనే మాట డ్రిల్లు సార్ నోట రాలేదు. సాలెవాడకు కబురు పోలేదనే మాట మా బాపు నోట రాలేదు. నా నోట రెండూ రాలేదు. జనంలోంచి ఎవరో అన్నారు: "వాళ్ళవ్వ కావాలనే కట్టింది పో, కొడుకు గెల్వాలని." అందరూ నవ్వారు. తప్పంతా మాది, ఆ నవ్వు చాటున మేం ముగ్గురం తప్పించుకున్నాం.

కరీంనగర్ జిల్లా పందేలలో నేను అందరికంటే వెనక వచ్చాను. ఈ సంగతి ఊళ్లో ఎవరూ మైకులో చెప్పరు.

తర్వాత ఆ అవ్వ బజారుకు వస్తే పోకిరీలు అడిగేవాళ్లు. "అవ్వా, ఇయ్యాల ఎవలికి అడ్డం కడ్తున్నవ్?" మా దుకాణం ముందే అడిగారు. నేను కాటా మీద వడ్లు తూస్తూ విన్నాను. మొదట్లో ఆమె ఆగి జవాబు చెప్పేది. "నేనెందుకు కడ్త కొడుకా, అది దినాము ఉండేదే గద." వాళ్లు ఇంకా నవ్వేవాళ్లు. తర్వాత జవాబు చెప్పడం మానేసింది. తర్వాత బజారుకు రావడం మానేసింది. చౌరస్తా దాకా పడుగు సాగదీయడం కూడా మానేసింది. గల్లీలో పట్టినంతే, పొట్టి పడుగు. పొట్టి పడుగు మీద నేసేవాడికి గిట్టుబాటు ఎక్కడిది? కొన్నేళ్లకు మగ్గం ఆగింది. అతను గోదావరి ఒడ్డున కొత్తగా తెరిచిన బొగ్గు బావుల్లో పనికి పోయాడు. తల్లిని తీసుకుపోయాడు. ఊరు ఆ ఇంటిని మరిచిపోయి, కథను మాత్రం ఉంచుకుంది.

మొన్న జనవరి పందెం అయిన వారానికి నేను బస్సెక్కి గోదావరిఖని పోయాను. చేతి సంచిలో ఆ చెంబు. బావివాళ్ల క్వార్టర్లలో అడుగుతూ పోతే ఒక వరుస చివర ఇల్లు చూపించారు. అతను అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, అరుగు మీద కూర్చొని కాళ్లకున్న బొగ్గు మసి కడుక్కుంటున్నాడు. జుట్టు నెరిసింది. కాళ్లు మాత్రం అవే.

"నన్ను గుర్తు పట్టినవా?" అన్నాను.

తల ఎత్తి చూశాడు. "సావుకారి కొడుకువు గద. జర సేపు పట్టింది. ఆనాడు నువ్వు ఎనుకుంటివి, మొఖం సరిగ కనవడలే."

లోపలి నుంచి అతని భార్య నవ్వింది. "వచ్చినోళ్లతోని గట్లేనా మాట్లాడేది? కూసోండ్రి అన్నా, చాయ్ పెడ్త."

నేను చెంబు తీసి అరుగు మీద పెట్టాను. "ఇది నీది."

"మా ఇంట్ల చెంబులున్నయి." దాన్ని తిప్పి చూశాడు. "ఇన్నేండ్లు దీంట్ల ఏం తాగిండ్రు?"

"మజ్జిగ."

"మంచిగ తోమిండ్రు."

నేను వచ్చిన పని చెప్పాను. వచ్చే పందెంలో మైకు తీసుకొని, గెలిచింది నువ్వేనని చెబుతానన్నాను. అతని మొహం మారిపోయింది.

"గెల్చింది నాకెర్కనే. నీకెర్కనే. గది చెప్పెతందుకు బస్సు కిరాయి పెట్టుకొని వచ్చినవా?" కాళ్లు కడగడం ఆపాడు. "ఒక్క ముచ్చట అడుగుత, సక్కగ చెప్పు. తొక్కినవా, దుంకినవా?"

"తొక్కిన."

అతను చెంబును పక్కకు జరిపాడు. లోపల స్టవ్వు చప్పుడు ఆగింది. ఆమె కూడా వింటోంది.

"మా అవ్వ గదే చెప్పింది," అన్నాడు. "నా కండ్ల ముందట సావుకారి పిలగాని కాలే ముందుగాల తాకింది బిడ్డా, అన్నది. నేను నమ్మలే. ఎనుకొచ్చినోళ్లు తొక్కిండ్రు, ఆయన దుంకిండట, నాతోని చెప్పిండు, అన్న. మా అవ్వతోని కొట్లాడిన నీ మాట కోసం. నీకు సరిగ కనవడ్తలేదు అన్న. సచ్చేదాక ఆమె మళ్ల ఆ మాట ఎత్తలే. ఒక్కటే అడుగుతుండె, నేను ఎందుకు అడ్డం కడ్త బిడ్డా, అని. ఊరు నమ్మకుంటె పాయె. నేను గూడ నమ్మలే అనుకొనే పోయింది."

ఏం చెప్పినా అది నా కోసం చెప్పుకున్నట్టే ఉండేది.

"పందెం ముచ్చట ఇడ్వు," అన్నాడు. "చెప్పేదుంటె గది చెప్పు. ఆమె అడ్డం కట్టలే అని. గంతే. నా గురించి ఏం చెప్పకు."

చెంబు తీసుకోలేదు. అతని భార్య దాన్ని నీళ్లతో నింపి నా చేతికిచ్చింది. "తీస్కపోండ్రి అన్నా, బస్సుల దాహమైతది." కోపంతో అన్న మాట కాదు. కోపంతో అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

తిరిగి వచ్చి యువజన సంఘం వాళ్లను కూర్చోబెట్టి అంతా చెప్పాను. మైకు కుర్రాడు ఓపికగా విన్నాడు. విని, "మీది పెద్దమనసు సార్, గెలిచి గూడ ఎదుటోన్ని పొగుడుతున్నరు" అన్నాడు. నేను తొక్కానురా అన్నాను. "అయ్యో, పందెమన్నంక కాలు తగుల్తది సార్. కని గా ముచ్చట లేకుంటె మజా ఏమున్నది? పబ్లిక్ అదే అడుగుతుండ్రు."

నా తొడ మీద చరిచిన పెద్దమనిషి దగ్గరికి పోయాను. ఆయనా ఆనాడు గీత మీద నిలబడ్డవాడే. పడుగున్నది ఆగండి సార్ అన్న మాట గుర్తుందా అని అడిగాను. "ఉన్నది," అన్నాడు వెంటనే. "అయితేంది? ముసలామె పాయె, వాడు ఊరిడిసె. ఇప్పుడెందుకు పరేషాన్ అయితవ్?"

గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి అందరికీ. మరిచిపోయారేమో అనుకొని ఇన్నాళ్లూ క్షమించుకుంటూ వచ్చాను, వాళ్లనూ నన్నూ. ఎవరూ మరిచిపోలేదు. ఒక ముసలమ్మ పరువు కంటే ఏడాదికోసారి నవ్వుకోవడం ఎక్కువనుకున్నారు, అంతే. ఈ పెద్దమనసు అనే మాట ఇంకోసారి నా ముందు ఎవరైనా అంటే నేను ఊరుకోను.

అందుకే అచ్చులో పెడుతున్నాను. అతను ఎంత చెప్పమన్నాడో అంతకంటే ఎక్కువే చెప్పాను. దానికి అతను నన్ను తిడితే పడతాను. అసలు చెప్పవలసింది మాత్రం ఇదే.

ఆ రోజు అవ్వ ఎవరికీ ఏదీ అడ్డం కట్టలేదు. ఆ పడుగు పొద్దున పొద్దున అక్కడే ఉండేది. ఆ చోటు మీదుగా సున్నం గీత గీసింది మా పెద్దలు. పందెం వేళ మార్చి, ఆమెకు చెప్పకుండా ఊరుకున్నది మా ఇల్లు. 'ఆగు బిడ్డా, చుట్టు తిరిగి పో' అని ఆమె అన్నది నాకు స్పష్టంగా వినబడింది. వినబడిన తర్వాతే తొక్కాను. ముందుగా తాకింది నా కాలే. ఆమె సరిగ్గానే చూసింది.

వచ్చే జనవరిలో నా కోసం కుర్చీ వేయకండి. మైకు పట్టుకునేవాడు ఈ నాలుగు మాటలు చదవాలి. చదివి, జనాన్ని నవ్వించగలిగితే నవ్వించమనండి. అతను చదవకపోతే, నేను చౌరస్తాలో, ఆ పడుగు ఉండే చోట నిలబడి, ఉరికి వచ్చే ప్రతివాడికీ చెబుతాను.